అనుమతి లేని గీతలు

1 సెప్టెంబర్ 2022, గురువారం

పచ్చ రంగు. ఇనప గేట్లకి వేసే పచ్చ రంగు! అక్రోటు కర్ర మీద, ఇనుము మీద, ఇత్తడి మీద, తేడా లేకుండా రెండు పూతలు. ఆ పని చేసినవాడికి నరకంలో ఒక ప్రత్యేకమైన గది ఇవ్వాలి. దాని గోడలకి ఇదే రంగు వేయించాలి.

ఇక్కడ ఖతర్‌లో నేను పనిచేసే ఇంటి యజమాని ఇస్హాక్ పొద్దున్నే వచ్చి, “ఉస్తాద్, ఒక రైఫిల్ చూడాలి, రా” అని కారెక్కించుకుని అల్ ఖోర్ దాటించాడు. అక్కడొక తోట. మేకల దొడ్డి తలుపుకి అడ్డగడియగా పెట్టారు దాన్ని. దొడ్డి కాసే సుడానీ మనిషి దాన్ని లాగి, తలుపు తీసి, గోడకి ఆనించాడు. నేను వేలు ఉమ్మితో తడిచేసి బోల్ట్ పిడి కింద రుద్దాను. ముందు కిరీటం కనిపించింది. తరవాత మన దేశపు తుపాకుల ఫ్యాక్టరీ పేరు, ఇషాపూర్ అనే అక్షరాలు. తరవాత 1937. నాకన్నా పదమూడేళ్ళు పెద్దది.

బ్యారెల్ మొదట్లో రెండు చిన్న బాణాలు, ముక్కుకి ముక్కు ఆనించి ఉన్నాయి. ఇక నువ్వు మాకు అక్కర్లేదని సైన్యం అమ్మేసే తుపాకీ మీద కొట్టే ముద్ర అది. పద్ధెనిమిదేళ్ళు సైన్యం తుపాకులు బాగుచేశాక 1986లో నా మీదా కొట్టారు. కాయితం మీద కొట్టారు కాబట్టి పైకి కనపడదు.

అమ్మేవాడు చెప్పిన ధరకి ఇస్హాక్ మారుమాట లేకుండా తలూపాడు. అడ్డగడియకి అంతా అని నేను గొణుక్కుంటుంటే కారులో చెప్పాడు. అది వాళ్ళమ్మ ఖదీజా గారి తండ్రిదట. నూనె బావులు రాకముందు, ఆకలి సంవత్సరంలో, బియ్యం కోసం ఆ తోటవాళ్ళ తాతకి ఇచ్చేశాడట. ఆమెకప్పుడు ఏడేళ్ళు. ఇప్పుడు ఎనభై.

“బాగుచెయ్యి ఉస్తాద్. ఫుట్‌బాల్ కప్పు చూడ్డానికి వచ్చే అతిథులకి, వాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో చూపిస్తాను. కానీ అందరికన్నా ముందు అమ్మకి. అప్పటిదాకా ఆమె చెవిన పడకూడదు.”

గొట్టం మూసేసి, కాల్చడానికి పనికిరాకుండా చేశారనే పోలీసు కాయితం కూడా చేతిలో పెట్టాడు. అంటే గోడకి తగిలించే బొమ్మ. అయినా సరే. ముప్పై మూడేళ్ళుగా ఈ ఇంట్లో వేట తుపాకులు, గడియారాలు, జనరేటర్లు చూస్తున్నాను. ఇన్నాళ్ళకి నాకు చదువు చెప్పిన తుపాకీ ఒకటి వచ్చింది.

2 సెప్టెంబర్, శుక్రవారం

అనంతలక్ష్మి అడిగింది, “ఆ కళ్ళతో ఏం బాగుచేస్తారండీ?” అని.

కళ్ళతో కాదు, చేతులతో చేస్తానన్నాను.

“ఆ చేతులే కదూ ఇందాక కాఫీ ఒలకబోసినవి?”

యాభై ఏళ్ళ కాపురంలో ఒక్క వాక్యమైనా నాది చివరిది కాలేదు.

5 సెప్టెంబర్, సోమవారం

కర్ర పని నర్సింగ్‌కి, ఇనుము పని నాకు అని పంచుకున్నాం. నర్సింగ్ నిర్మల్ వైపు మనిషి. యాభై రెండేళ్ళుంటాయి. తుమామా స్టేడియంలో మూడేళ్ళు షట్టరింగ్ కొట్టాడు. ఇప్పుడు స్టేడియం అయిపోయింది. కప్పు మొదలయ్యేలోగా మనుషుల్ని ఇళ్ళకి పంపేయాలని కంపెనీ జాబితాల మీద జాబితాలు వేస్తోంది. మజ్లిస్‌లో అరలు కట్టడానికి అతన్ని ఇస్హాక్ దగ్గర పెట్టించింది నేనే. పని నచ్చితే వీసా తన మీదికి మార్చి ఇక్కడే ఉంచుకుంటానని ఇస్హాక్ మాటిచ్చాడు. ఊళ్ళో భార్య పోచవ్వకి గుండె ఆపరేషన్ అయింది. నెలనెలా మందులు. ఉద్యోగం ఉండి తీరాలి.

మధ్యాహ్నం ఆవిడ ఫోను. స్పీకర్లో పెట్టి, అరల చెక్కకి రందా పడుతూ మాట్లాడాడు.

“దుబాయ్ల ఎండలు తగ్గినయా?”

“దుబాయ్ కాదే, ఖతర్. ఎన్నిసార్లు జెప్పాలె?”

“ఏదైతేంది, దుబాయే గదా. తిన్నవా?”

వాడి భాష వింటుంటే నాకు పళ్ళు పులుస్తాయి. చేతులు చూస్తే మాత్రం మాట రాదు. గాజుపెంకుతో పచ్చ రంగుని మామిడికాయ తొక్క తీసినట్టు తీస్తున్నాడు, కర్రకి ఎక్కడా గీత పడకుండా. ఈ సంగతి వాడికి చెప్పను. పొగిడితే పాడైపోతారు.

9 సెప్టెంబర్, శుక్రవారం

తెలుగు సంఘం కార్యదర్శి ఫోను చేశాడు. కప్పు ఊరేగింపుకి డప్పులూ జెండాలూ పెట్టుకోవడానికి చోటు చాల్లేదట. నేను సంఘానికిచ్చిన రెండు వందల పుస్తకాలు అట్టపెట్టెల్లో పెట్టి బయట వరండాలో ఉంచాడట. “తీసుకెళ్తారా అంకుల్, లేకపోతే ఎవరికైనా ఇచ్చేద్దామా?” అన్నాడు. ఒక్క పుస్తకం కూడా తెరవకుండా ఇంజినీరైన మనిషి. తెచ్చుకున్నాను. హాల్లో నడవడానికి దారి లేదు. అనంతలక్ష్మి ఒక పెట్టె మీద గుడ్డ పరిచి కూరలు తరుక్కుంది.

12 సెప్టెంబర్, సోమవారం

కర్రకి సొట్టలు చాలా ఉన్నాయి. మేక కొమ్ములవి, తలుపు కొట్టుకున్నవి. కోతలైతే నయం కావు గాని సొట్టలు నయమవుతాయి. తడిగుడ్డ పరిచి దాని మీద వేడి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆవిరి లోపలికి దిగుతుంది. నొక్కుకుపోయిన నారకి తడీ వేడీ తగిలితే తన చోటు తనకి గుర్తొస్తుంది, మెల్లగా పైకి లేస్తుంది. పద్ధెనిమిదేళ్ళ సర్వీసులో నాకు విసుగెయ్యని పని ఇదొక్కటే.

ఇస్త్రీ పెట్టె ఇంటినుంచే పట్టుకెళ్ళాను.

“నా పెట్టె తుపాకీకా! దాని బట్టలు నలిగాయా?” అంది అనంతలక్ష్మి.

ఒక సొట్ట పూర్తిగా పైకి లేచేటప్పటికి నర్సింగ్ నవ్వాడు. “సారూ, దవాఖాన్ల మనిషి మొకం లెక్క తేటగైతున్నది” అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఆ మాట వాడు ముందు అనేశాడు.

14 సెప్టెంబర్, బుధవారం

భుజానికి ఆనించే బట్ ఎడమ పక్క ఆఖరి పచ్చ రంగు పోయింది. కింద మూడు నిలువు గీతలు, పక్కన బొటనవేలంత వలయం. కత్తితో కోసినవి.

సైన్యంలో కర్ర మీద ఒక్క అక్షరం గీసినా నేరం. ప్రియురాలి పేరు చెక్కుకుని పద్నాలుగు రోజులు లోపల కూర్చున్న కుర్రాళ్ళని చూశాను. ఏ గస్తీలోనో ఊసుపోక ఎవడో చేసిన పని.

నర్సింగ్ వంగి చూశాడు. “సారూ, గిది ఎవలిదో గుర్తు లెక్కున్నది. ఉండనియ్యుండ్రి.”

“ఏం గుర్తు?”

“మా ఊర్ల గొర్లకు చెవు కోస్తరు, ఎవలియి వాళ్ళకు తెలువాల్నని. గట్లనే ఉన్నది.”

“ఇది గొర్రె కాదయ్యా, రైఫిలు.”

“గొర్రె గాదు, ఎరికే. గని కోసినోనికి ఏదో మతలబున్నది. తాత తుపాకీ అంటిరి గదా. అర్బాబ్‌నొక మాట అడుగుండ్రి.”

అర్బాబ్‌ని, అంటే ఇస్హాక్‌ని, అడగాలట! ఆయుధం ఎలా ఉండాలో గొర్రెల మందనీ ఒంటెల మందనీ అడిగి తెలుసుకోవాలి నేను.

15 సెప్టెంబర్, గురువారం

ముందు రాసుకో, తరవాత ముట్టుకో. నాకు పని నేర్పిన ముసలి హవల్దార్ మాట. వేరే రిజిస్టరు లేదు కాబట్టి ఈ డైరీలోనే రాస్తున్నాను. ప్రతి ముద్ర మీదా కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ముద్ర కాయితం మీదికి వస్తుంది. ఇవాళ ఇనుము మీదవి అయ్యాయి: కిరీటం, నంబరు, రెండు బాణాలు. బట్ మీదవి రేపు.

రేపు శుక్రవారం, నర్సింగ్ రాడు. మా వంటింట్లో అల్మారా తలుపు వాలిపోయిందట, అది చూస్తానని అనంతలక్ష్మికి మాటిచ్చాడు. ప్రతి శుక్రవారం ఏదో ఒకటి బాగుచేసే వంకతో మా ఇంట్లో భోంచేస్తాడు. ఆవిడ చేసే గోంగూర పచ్చడికి వాడు భక్తుడు.

18 సెప్టెంబర్, ఆదివారం

బట్ ఎడమ పక్క ఇప్పుడు అద్దంలా ఉంది. ఎక్కడా గీత లేదు.

నర్సింగ్ పొద్దున వచ్చి, అక్కడ బొటనవేలితో రెండుసార్లు తడిమాడు.

“పోయింది గదా సారూ.”

“పోవలసిందే.”

“ఎవలో మనసుపెట్టి కోసుకున్నరు” అని, అరల పనికి పోయాడు. వాడి పని వాణ్ణి చేసుకోమనండి.

25 సెప్టెంబర్, ఆదివారం

అవిసె నూనె రోజుకో చెయ్యి. గుడ్డతో కాదు, అరచేత్తో, కర్ర వెచ్చబడేదాకా రుద్దాలి. నర్సింగ్ ఓ పక్క, నేనో పక్క. ఇద్దరం గంటసేపు రుద్దాం. పొడిబారిన కర్ర నూనె తాగుతుంటే లోపలి రంగు పైకి వస్తోంది, తేనె రంగు, మధ్యలో నల్లటి పాయలు. ఎనభై అయిదేళ్ళ కింద ఇషాపూర్‌లో దీన్ని చెక్కినవాడు కూడా ఇలాగే ఒకసారి ఆగి చూసి ఉంటాడు.

“మా పోచవ్వకు ఆపరేషనైనంక గిట్లనే కాళ్ళకు నూనె రాసేటోన్ని” అన్నాడు నర్సింగ్. మళ్ళీ అరచేతిలో నూనె పోసుకున్నాడు. నేనూ పోసుకున్నాను. ఇవాళ బాగుంది.

30 సెప్టెంబర్, శుక్రవారం

జుమా నమాజు తరవాత ఖదీజా గారిని మజ్లిస్‌లోకి తీసుకొచ్చారు. కళ్ళకి మసక. చక్రాల కుర్చీ. ఇస్హాక్ గుడ్డ తీసి రైఫిల్‌ని ఆమె ఒళ్ళో పెట్టాడు. నలభై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

“ఎవరిదో చెప్పు, అమ్మా.”

ఆమె చెయ్యి తిన్నగా బట్ ఎడమ పక్కకి వెళ్ళింది. ఆగింది. మళ్ళీ వెతికింది. నాలుగుసార్లు వెతికింది.

“నాన్న ఇది తుడుస్తుంటే నేను ఎదురుగా కూర్చుని ఇక్కడ పట్టుకునేదాన్ని. మూడు గీతలు, పక్కన వలయం. మా ఒంటెల మెడ మీద వేసే గుర్తే దీని మీదా కోశాడు. నా వేలు ఆ వలయంలో సరిగ్గా పట్టేది.” చెయ్యి తీసేసింది. “మంచి తుపాకీయే, నాయనా. కానీ మా నాన్నది కాదు.”

ఆమెని లోపలికి తీసుకెళ్ళాక ఇస్హాక్ మా వైపు తిరిగాడు. హిందీలో అడిగాడు.

“ఇక్కడ గుర్తేమైనా ఉండేదా?”

నర్సింగే జవాబిచ్చాడు, ఉండేదని.

“ఎవరు తీశారు?”

నర్సింగ్ నా వైపు చూశాడు. నేను ఏసీ వైపు చూశాను. ఇరవై ఒకటి అని ఉంది.

“కర్ర పని ఎవరిది, ఉస్తాద్?”

“కర్ర పని నర్సింగ్‌ది” అన్నాను.

అది నిజం. కర్ర పని నర్సింగ్‌దే, ఇనుము పని నాది. మొదటిరోజే పంచుకున్నాం.

1 అక్టోబర్, శనివారం

నర్సింగ్‌ని సనాయాలో కంపెనీ కూలీల క్యాంపుకి తిప్పి పంపేశాడు ఇస్హాక్. వీసా మాట ఇక లేదు. వాడు వెళ్ళేటప్పుడు పనిముట్ల సంచీ సర్దుకుని, “పోయొస్త సారూ” అన్నాడు. అంతే. ఒక్క మాట అనొచ్చు కదా! అనలేదు.

నేను అబద్ధం చెప్పలేదు.

2 అక్టోబర్

ఎండ. ఏమీ చదవలేదు.

4 అక్టోబర్, మంగళవారం

కెప్టెన్ సోధీ గురించి ఇదివరకు కూడా రాశాను. మళ్ళీ రాస్తాను. చచ్చేదాకా రాస్తాను.

1979 జూలై. వానలు. నలభై రైఫిళ్ళు తడి ఆరకముందే పెట్టెల్లో పెట్టి మూసెయ్యమన్నాడు, పై అధికారులకి లెక్క చూపించుకోవాలి కాబట్టి. వద్దు సార్ అన్నాను. మూసెయ్ అన్నాడు. మూడు నెలలకి నలభై గొట్టాల్లోనూ తుప్పు. విచారణ. కల్నల్ అడిగాడు, ఇదెవరి పని అని. సోధీ కిటికీలోంచి బయటి వేపచెట్టుని చూశాడు. చెట్టుని చూస్తూనే చెప్పాడు: “పెట్టెలు మూసే పని మూర్తిది సార్.”

అది నిజమే. పెట్టెలు మూసే పని నాదే. నా సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో ఒక్క వాక్యం రాశారు. ఆ ఒక్క వాక్యం వల్ల హవల్దార్‌గానే ఉండిపోయాను, నాయబ్ సుబేదార్ని కాలేకపోయాను. వాడు అబద్ధం కూడా చెప్పలేదు, అదీ నా మంట. వాడు చెప్పింది...

చెయ్యి నొప్పిగా ఉంది. ఇక చాలు.

9 అక్టోబర్, ఆదివారం

నర్సింగ్ ఫోను. ఎత్తలేదు. స్నానం చేస్తున్నాను.

10 అక్టోబర్

మళ్ళీ ఫోను. స్నానం చెయ్యడం లేదు. ఎత్తలేదు.

13 అక్టోబర్, గురువారం

నా ఫోను మోగి మోగి ఊరుకున్నాక అనంతలక్ష్మి ఫోనుకి చేశాడు. ఇరవయ్యో తారీఖు జాబితాలో పేరొచ్చిందట. టిక్కెట్టు కంపెనీ ఇస్తుందట. ఆవిడకి చెప్పిపోదామని చేశాడు. వంటగదిలో మాట్లాడింది. నేను హాల్లో పుస్తకాల పెట్టెల మధ్య కూర్చుని విన్నాను.

“ఏం జరిగింది నర్సింగూ? పని బాగానే చేస్తున్నావు కదా?”

వాడేమన్నాడో వినపడలేదు. ఆవిడ చాలాసేపు ఊఁ కొట్టింది. తరవాత వచ్చి నా ఎదుట ఉన్న పెట్టె మీద కూర్చుంది.

“ఏం జరిగిందో చెప్పలేదండీ. అమ్మా, నా తలరాత అన్నాడు. సారుకు జెప్పుండ్రి, తుపాకీకి నూనె ఇంక రెండు చేతులు పెట్టాలె, లేకపోతే చలికాలానికి కర్ర పగుల్తది అన్నాడు.”

నేను పుస్తకం తిప్పాను.

“పోయిన నెల పదహారో తారీఖు శుక్రవారం నర్సింగ్ పొద్దుటినుంచి నాలుగింటిదాకా మన వంటింట్లో ఉన్నాడు. మీరు అజీజియాలో ఇస్హాక్ ఇంట్లో ఉన్నారు. సాయంత్రం చొక్కా నిండా కర్రపొడితో వచ్చారు. ఆ చొక్కా ఉతికింది నేను.”

మజ్లిస్‌లో ఖదీజా గారి ముందు జరిగింది ఆవిడకి ఎలా తెలిసిందో అడగలేదు. మా పై వాటాలో ఉండే బిల్కిస్ చెల్లెలు ఆ ఇంట్లోనే వంట చేస్తుంది. అడిగినా ఉపయోగం లేదు.

“వాడు నోరు విప్పి చెప్పుకోవచ్చు కదా!” అన్నాను.

“మీరు పెట్టించిన ఉద్యోగం. మీ మాట ఎలా తీసేస్తాడు?” లేచింది. “కెప్టెన్ సోధీని నలభై మూడేళ్ళుగా ఈ ఇంట్లో మూడో మనిషిలా మేపుతున్నాం. నేను వద్దనలేదు. కానీ నర్సింగ్ ఇంట్లో మీరు ఎన్నేళ్ళు ఉంటారండీ?”

14 అక్టోబర్, శుక్రవారం

వంటింటి అల్మారా తలుపు వేలితో తోస్తే చాలు, చప్పుడు లేకుండా మూసుకుంటోంది. చాలాసార్లు మూసి చూశాను.

16 అక్టోబర్, ఆదివారం

ఈ డైరీలో సెప్టెంబర్ పదహారో తారీఖు పుట ఇక లేదు. నిన్న పొద్దున స్కేలు ఆనించి నేనే చించాను. అంచు మిగిలింది.

ఆ పుటకి ఒక వైపు బట్ మీది మూడు గీతలూ వలయమూ ఉన్నాయి. పెన్సిల్‌తో రుద్ది, నొక్కి తీసిన గుర్తు. ఇంకో వైపు నా రాత. ఏం రాశానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

‘లోపం నంబరు 4. బట్, ఎడమ పక్క: అనుమతి లేని గీతలు. నర్సింగ్‌కి గొర్రెకీ రైఫిలుకీ తేడా తెలీదు. ఏ చదువూ లేని చేతికి ఉలి ఇస్తే ఇంతే, జంతువుల గుర్తులు కనిపిస్తాయి. ఈ సాయంత్రానికి ఈ గీతలు ఉండవు. నా చేత్తో నేనే తీసేస్తాను.’

మెట్రోలో కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బోగీ నిండా కప్పు బొమ్మలు, అన్ని దేశాల జెండాలు. ఒక్క చోట కూడా దిగిపోవాలనిపించలేదని రాస్తే అబద్ధమవుతుంది. రెండు చోట్ల అనిపించింది.

మజ్లిస్‌లో ఇస్హాక్, ఖదీజా గారు ఉన్నారు. గీతలు తీసింది నర్సింగ్ కాదు, నేను అని చెప్పాను. ఇస్హాక్ నవ్వాడు.

“ఉస్తాద్, ముప్పై మూడేళ్ళలో నువ్వొక స్క్రూ కూడా పోగొట్టలేదు. పేదవాడి కోసం అబద్ధమాడుతున్నావు. నీ మనసు మంచిది.”

నా మనసు మంచిదట. డెబ్బై రెండేళ్ళకి మొదటిసారి ఒకడన్నాడు, అదీ ఎప్పుడో చూడండి.

కవరులోంచి కాయితం తీసి ఖదీజా గారి చేతికిచ్చాను. కళ్ళకి మసక కదా, బొమ్మ ఎలా చూస్తుందని ఇస్హాక్ అన్నాడు. ఆమె చూడలేదు. తడిమింది. గట్టిగా నొక్కి రుద్దానేమో, కాయితం ఆ గీతల వెంబడి దిగి ఉంది. ఒకటి. రెండు. మూడు. తరవాత ఆమె చూపుడువేలు వలయం మీదికి వెళ్ళి, చుట్టూ ఒకసారి తిరిగి, మధ్యలో ఆగింది. ఏడేళ్ళ పిల్ల వేలు కాదు ఇప్పుడు, వలయంలో సరిగ్గా పట్టలేదు. అయినా ఆమె తియ్యలేదు. పెదవులు కదిలాయి. తండ్రిని పిలిచిందో, దేవుణ్ణి పిలిచిందో తెలీదు. నేను ఏసీ వైపు చూడలేదు.

“తుపాకీ తీసుకురా, నాయనా” అంది కొడుకుతో. “నాన్నదే.”

అయినా ఇస్హాక్‌కి నమ్మకం కుదరలేదు. వెనకవైపు రాత ఏమిటన్నాడు. అందులో నేను ఒప్పుకున్నది ఉందన్నాను. “నువ్వు చదివితే నీకు కావలసినట్టు చదువుతావు” అని సనాయాకి కారు పంపాడు. అది, నేను కాక తనకి తెలిసిన ఒకే ఒక్క తెలుగు చదివేవాడి కోసం. నర్సింగ్ కోసం!

గంటన్నరకి వచ్చాడు. కంపెనీ నీలం బట్టల్లోనే ఉన్నాడు, చెప్పులు బయట విడిచి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇస్హాక్ కాయితం తిప్పి చేతిలో పెట్టాడు. నేను వద్దనలేకపోయాను.

వాడు చదవడం మొదలుపెట్టాడు, పెదవులు కదుపుతూ, మెల్లగా. ఎక్కడిదాకా వచ్చాడో నాకు పెదవుల్ని బట్టి తెలుస్తోంది. గొర్రె దాటాడు. చదువు దగ్గర ఆగాడు. అక్కడ చాలాసేపు ఆగాడు. తరవాత జంతువులు. తరవాత తల ఎత్తి నన్ను చూశాడు. సోధీని నేను ఎన్నడూ అలా చూడలేదు. చూడగలిగి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేదేమో.

“చదువు” అన్నాడు ఇస్హాక్.

నర్సింగ్ హిందీలో చెప్పాడు: “సాయంత్రానికి ఈ గీతలు ఉండవు, నా చేత్తో నేనే తీసేస్తాను, అని రాశాడు ఉస్తాద్.”

“మిగతాది?”

“తుపాకీ కొలతలు, అర్బాబ్.”

17 అక్టోబర్, సోమవారం

ఇస్హాక్ నాతో మాట్లాడటం లేదు. అది న్యాయమే. ఖదీజా గారు మాత్రం నన్ను పనిలోంచి తీసెయ్యొద్దన్నదట. “వాడు పోగొట్టాడు, వాడే దాచాడు. ఇద్దర్నీ ఒకే ఒంట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు, పాపం” అన్నదట. జాబితాలోంచి నర్సింగ్ పేరు తీసేశారు. వీసా కాయితాలు వెళ్ళాయి.

21 అక్టోబర్, శుక్రవారం

గుర్తు మళ్ళీ కొయ్యమని ఖదీజా గారు నర్సింగ్‌ని అడిగింది.

“నేను కొయ్య, మామా” అన్నాడు, ఇక్కడి పనివాళ్ళు ఇంటి పెద్దావిణ్ణి పిలిచే పిలుపుతో. “తీసిన చెయ్యే కొయ్యాలె.”

నా వల్ల కాదన్నాను. రైఫిల్ మీద నేనెన్నడూ ఉలి పెట్టలేదు, పెట్టినవాళ్ళ మీద రిపోర్టులు రాశాను. చేతులు వణుకుతాయి. పైగా కళ్ళు.

నర్సింగ్ నేల మీద కూర్చుని, తొడల మీద తువ్వాలు పరుచుకుని, రైఫిల్ అడ్డంగా పెట్టుకుని, ఉలి నా చేతికిచ్చాడు.

“భయపడకుండ్రి సారూ. గొర్రె గాదు, రైఫిలే.”

కార్బన్ కాయితంతో గుర్తు దింపాం. గీతలు మూడూ తేలిగ్గానే పడ్డాయి. వలయం దగ్గర నార అడ్డం తిరిగింది. ఉలి జారబోయింది. నర్సింగ్ తన చెయ్యి నా చేతి మీద పెట్టి, నాతోపాటు తిప్పాడు. గరుకు చెయ్యి. స్టేడియం సిమెంటు ఇంకా గోళ్ళ మూలల్లో ఉంది. వలయం చివర మొదటికి వచ్చి కలిసింది.

ఖదీజా గారు వేలు పెట్టి చూసింది. “కొంచెం పదునుగా ఉంది.”

“పెట్టంగ పెట్టంగ పాతదైతది, మామా” అన్నాడు నర్సింగ్. ఆమెకి తెలుగు రాదు. తలూపింది.

బయటికి వచ్చాక అడిగాను.

“ఆ పుటలో నిన్ను తిట్టింది చదివావు కదా?”

“చదివిన సారూ.”

“మరి?”

“చేతిరాత మంచిగున్నది” అన్నాడు. నాలుగడుగులు వేశాక ఆగి, “గని అమ్మకు జెప్పకుండ్రి. గోంగూర పచ్చడి మీకు బందైతది” అన్నాడు.

అనంతలక్ష్మికి చెప్పేశాను. పచ్చడి నిజంగానే బందు. రెండు వారాలట.

20 నవంబర్, ఆదివారం

కప్పు మొదలయింది. రేపు తుమామాలో మొదటి ఆట. నర్సింగ్‌కి ఇస్హాక్ టిక్కెట్టు ఇచ్చాడు. తను కూర్చోబోయే వరస కింద షట్టరింగ్ తనదేనని పోచవ్వకి ఫోనులో చెబుతున్నాడు. “దుబాయ్ల గంత పెద్ద మైదానమా!” అంటోంది ఆవిడ. ఈసారి దిద్దలేదు.

మజ్లిస్‌లో రైఫిల్ గోడకెక్కింది. పక్కన అద్దం కింద నా పుట. గుర్తు బయటికి, నా రాత గోడకి. అతిథులు వచ్చి వలయాన్నీ గీతల్నీ చూస్తారు. గోడకేసి ఉన్నది చదివినవాడు ఈ లోకంలో ఒక్కడే, వాడు ఎవరికీ చెప్పడు.

పుస్తకాల పెట్టెలకి నర్సింగ్ మా హాల్లో అరలు కట్టాడు. ఇస్త్రీ పెట్టె ఇంటికి తెచ్చేశాను.

పుట పోయింది కాబట్టి రిజిస్టరులో ఆ ఖాళీ నింపాలి. ఇంట్లో వెతికితే అనంతలక్ష్మి చాకలి లెక్కల పెన్ను దొరికింది. ఎర్రది. అదే చాలు.

నంబరు 4. బట్, ఎడమ పక్క: మూడు గీతలు, ఒక వలయం. కోసినది: హవల్దార్ సత్యనారాయణమూర్తి. పట్టుకున్నది: నర్సింగ్. అనుమతి ఉంది.